పొలిటికల్ క్రైమ్ థ్రిల్లర్ చూసి "లాజిక్ లేదు" అన్నవాళ్లది కరెక్టా? చిత్తూరు కోర్టులో క్రిమినల్ కేసులు చూసే లాయర్‌గా నా సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. తిరుపతిలో నలుగురు స్నేహితులు కలిసి ఒక పొలిటికల్ క్రైమ్ థ్రిల్లర్ చూశారు. ఒక మంత్రి తన పార్టీలోనే తనకు ఎదురుతిరిగిన నాయకుణ్ణి చంపిస్తాడు. కిరాయి హంతకుడు స్టేషన్లో మంత్రి పేరు చెప్పినా కోర్టు పట్టించుకోదు, మంత్రి పదవిలోనే ఉంటాడు, కళ్లారా చూసిన సాక్షి బోనులో మాట మారుస్తాడు, ఎమ్మెల్యేలను బస్సెక్కించి రిసార్టుకు తీసుకుపోతారు. చివర్లో హీరో ఎస్పీ ఒక పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి టీవీ ఛానల్‌కి ఇస్తాడు, ఒక్క రాత్రిలో అంతా తేలిపోతుంది. బయటికొచ్చాక ఇద్దరు "లాజిక్కే లేదు" అన్నారు, ఇద్దరు "మన దగ్గర జరిగేదే తీశాడు" అన్నారు. ఎవరిది కరెక్టు అని అడిగారు.

ముందే చెప్పేస్తా తమ్ముడూ. మీవాళ్లు నమ్మలేకపోయిన చోట్లు దాదాపు అన్నీ నిజం. అందరూ కలిసి ఈలలు వేసిన క్లైమాక్సే అబద్ధం. ఈ రకం సినిమాల మీద జనం చెప్పే అభిప్రాయాలు నేను చాలా ఏళ్లుగా శ్రద్ధగా వింటున్నాను, ప్రతిసారీ ఇలాగే తిరగబడి ఉంటాయి.

నేను చిత్తూరులో 26 ఏళ్లుగా క్రిమినల్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువ కాలం నిందితుల తరఫున వాదించాను, మధ్యలో మూడేళ్లు అడిషనల్ పీపీగా (పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా) ప్రభుత్వం తరఫున నిలబడ్డాను. కాబట్టి బోనుకి రెండు పక్కలా నిలబడి చూసిన అనుభవం ఉంది.

స్టేషన్లో ఒప్పుకుంటే చాలదు. మీ స్నేహితుడికి అన్నిటికంటే కోపం వచ్చింది ఈ సీన్ మీదే అని రాశారు. "వాడే చెప్తున్నాడు కదా, చంపింది నేనే, చంపమన్నది ఫలానాయన అని, ఇంకేం కావాలి?" అని. పోలీసు అధికారి ముందు నిందితుడు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో అతని మీద రుజువుగా వాడటానికి వీల్లేదు. 1872 నాటి ఎవిడెన్స్ యాక్టులో 25వ సెక్షన్ ఆ మాటే చెప్పింది, 2024 జులై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కూడా ఆ మాటే చెప్తోంది. ఒప్పుకోలు చెల్లుతుందంటే ఇక దర్యాప్తు ఎవరు చేస్తారు, కొట్టి ఒప్పించడమే దర్యాప్తు అయిపోతుంది, అందుకే ఈ నిబంధన. దీనికి ఒక మినహాయింపు ఉంది. నిందితుడు "కత్తి ఫలానా బావిలో పడేశాను" అని చెప్పి, అతను చెప్పిన చోట కత్తి దొరికితే, ఆ దొరికిన మేరకు ఆ మాట చెల్లుతుంది. మన జిల్లాలో ఏ మర్డర్ కేసు కట్ట విప్పినా మధ్యవర్తుల నామా, అంటే వస్తువు దొరికినప్పుడు సాక్షుల ముందు రాసే కాగితం, దాని కింద వీఆర్వో సంతకం కనపడేది ఇందుకే.

మరి ఆ మాటతో మంత్రి దాకా వెళ్లాలంటే ఎలా? హంతకుణ్ణి అప్రూవర్‌గా మార్చాలి. నిజం మొత్తం చెప్పాలనే షరతు మీద కోర్టు అతనికి క్షమాభిక్ష ఇస్తుంది, అతను బోనెక్కి ప్రమాణం చేసి చెప్పాలి. అప్పుడు కూడా ఆ ఒక్క మాట మీద ఆధారపడి శిక్ష వేయడానికి జడ్జీలు వెనకాడతారు, బయటి నుంచి దాన్ని బలపరిచే ఆధారం ఏదో ఒకటి అడుగుతారు. డబ్బు చేతులు మారినట్టు బ్యాంకు రికార్డు కావచ్చు, లాడ్జి రిజిస్టరు కావచ్చు, ఫోన్ కాల్స్ వివరాలు కావచ్చు. ఆ సినిమాలో కోర్టు ఒప్పుకోలును పక్కన పెట్టడం వంద శాతం కరెక్టు. దర్శకుడు చేసిన తప్పల్లా, జడ్జిని అమ్ముడుపోయినవాడిలా చూపించడం. ఆ సీన్లో నిజాయితీ ఉన్న జడ్జి ఉన్నా అదే ఆర్డరు ఇస్తాడు. అలా తీసి ఉంటే సీన్ ఇంకా బలంగా ఉండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సాక్షి మాట మార్చడం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, మొత్తం ప్రశ్నలో నాకు ముఖ్యమైనది ఇదే.

మీ స్నేహితుడు "ఎవడూ బెదిరించలేదు, కత్తి చూపించలేదు, మరి సాక్షి ఎందుకు మారాడు, రైటర్ మర్చిపోయాడా" అన్నాడని రాశారు. నేను అడిషనల్ పీపీగా ఉన్న రోజుల్లో పడమటి మండలాల్లోని ఒక పల్లె నుంచి కేసు వచ్చింది. పంచాయతీ ఎన్నికల తగాదా, ఓడిపోయిన వర్గం మనిషిని తెల్లవారుజామున దారి కాచి చంపారు. పాల కేంద్రానికి క్యాన్ పట్టుకొని నడిచిపోతున్న ఒకావిడ చూసింది. యాభై ఏళ్లుంటాయి, రెండు ఆవులే ఆధారం. ధైర్యంగా పోలీసులకు చెప్పింది, మేజిస్ట్రేటు ముందు 164 స్టేట్‌మెంట్ (పాత సీఆర్‌పీసీ 164వ సెక్షన్ కింద నమోదు చేసే వాంగ్మూలం) కూడా ఇచ్చింది. కేసు ట్రయలుకు వచ్చేసరికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ ఆమె ఆ ఊళ్లోనే ఉంది, నిందితులు బెయిలు మీద వచ్చి ఆ ఊళ్లోనే ఉన్నారు.

బోనెక్కి "నేనేమీ చూడలేదు సార్, నాకేమీ తెలీదు" అంది. సాక్షి అడ్డం తిరిగిందని ప్రకటించమని కోర్టును అడిగి, నా సాక్షిని నేనే క్రాస్ చేయాల్సి వచ్చింది. పాత స్టేట్‌మెంట్ చదివి వినిపించి "ఇది మీరు చెప్పలేదా" అని అడుగుతుంటే ఆమె తల దించుకొనే నిలబడింది. సాయంత్రం బస్టాండులో కనిపిస్తే దగ్గరికి వెళ్లి కోపంగానే అడిగాను. ఆమె చెప్పింది ఒక్క మాట: "నా పాలు వద్దంటా ఉండారు సారూ, రెండేండ్లుగా."

అంతే. ఎవరూ చెయ్యెత్తలేదు. పాల కేంద్రం నడిపేవాడు నిందితుల బంధువు. ఆమె పోసే పాలలో వెన్న శాతం తక్కువ వస్తోందని మొదట రేటు తగ్గించాడు, తర్వాత వద్దన్నాడు. పక్క ఊరి కేంద్రానికి మూడు కిలోమీటర్లు మోసుకెళ్లేది. పక్క పొలం బోరు నుంచి ఇచ్చే నీళ్లు ఆగిపోయాయి. కూతురి పెళ్లికి పిలిస్తే ఊళ్లో సగం మంది రాలేదు. వీటిలో ఏ ఒక్కటీ కేసు పెట్టదగ్గ నేరం కాదు, అన్నీ కలిపితే ఒక మనిషి బతుకు. ఆ కేసు కొట్టేశారు. కోర్టులో ఆమె మీద గొంతు పెంచినందుకు ఈరోజుకీ బాధపడతాను.

అందుకని సినిమాలో బెదిరింపు సీన్ లేకుండా సాక్షి మారిపోతే అది రచయిత మర్చిపోవడం కాదు. ఆ సాక్షి కొట్టుకి జనం రావడం మానేసిన షాట్ ఒకటి సెకండాఫ్ మొదట్లో ఉందని మీరే రాశారు కదా, జవాబు అందులోనే ఉంది. "మన దగ్గర జరిగేదే" అన్న మీ ఇద్దరు స్నేహితులూ పల్లె నుంచి వచ్చినవాళ్లే అయ్యుంటారని నా ఊహ.

చట్టం సంగతి కూడా చెప్పాలి. సాక్షి అడ్డం తిరిగినంత మాత్రాన అతను చెప్పినదంతా చెత్తబుట్టలోకి పోదు, నమ్మదగ్గ భాగం ఏదైనా ఉంటే కోర్టు తీసుకోవచ్చు. కానీ మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన 164 స్టేట్‌మెంట్ ఒక్కటే పట్టుకుని శిక్ష వేయలేరు, సాక్షి బోనులో చెప్పేదాన్ని బలపరచడానికో, కాదనడానికో మాత్రమే అది పనికొస్తుంది. సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతా అమలు చేయాలని సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 5న చెప్పింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలో 398వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ అలాంటి పథకం తేవాలి. సాక్షి తనకు ప్రమాదం ఉందని దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఇంటి దగ్గర కాపలా అడగవచ్చు, పేరు బయటికి రాకుండా చూడమనవచ్చు. కాగితం మీద ఇది మంచి పథకం. కానీ నా పాల ఆవిడకి కావలసింది కానిస్టేబుల్ కాదు, పాలు పోసుకునేవాళ్లు.

కేసు ఉన్నా మంత్రిగా కొనసాగడం. ఇది కూడా నిజమే. కేసు పెట్టినా, చార్జిషీటు వేసినా, అరెస్టు చేసినా రాజీనామా చేసి తీరాలని ఇప్పటి చట్టంలో లేదు. ఢిల్లీ ముఖ్యమంత్రిగా ఉండగా కేజ్రీవాల్‌ను 2024 మార్చి 21న అరెస్టు చేస్తే, ఆయన జైల్లో ఉంటూనే ముఖ్యమంత్రిగా కొనసాగారు, బెయిలు మీద బయటికొచ్చాక సెప్టెంబరులో రాజీనామా చేశారు. పదవి పోయేది శిక్ష పడితేనే. ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) కింద రెండేళ్లు, అంతకుమించి శిక్ష పడితే అనర్హత వస్తుంది. అప్పీలు వేసుకుని సభ్యత్వం నిలబెట్టుకునే వెసులుబాటు ఒకప్పుడు ఉండేది, 2013 జులై 10న లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనకు పక్కనే జరిగింది చూడండి, 2014 సెప్టెంబరు 27న బెంగళూరు ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పగానే జయలలిత పదవి పోయింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆమెను నిర్దోషి అన్నాకే మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ రోజుల్లో చిత్తూరు టీ కొట్ల దగ్గర ఇది తప్ప వేరే మాట వినపడలేదు. ముప్పై రోజులు వరుసగా కస్టడీలో ఉంటే పదవి పోయేలా 130వ రాజ్యాంగ సవరణ బిల్లును 2025 ఆగస్టులో లోక్‌సభలో పెట్టారు, కానీ మీ సినిమా కథ నడిచేది పాత పద్ధతి మీదే.

రిసార్టు సీన్‌కి "ఓవర్" అన్నారట. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను ముఖ్యమంత్రి పదవి నుంచి తప్పించినప్పుడు ఆయన ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి కాపాడుకున్నారు, సెప్టెంబరు 16న తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన 1983లో మన తిరుపతి నుంచి కూడా గెలిచిన మనిషి. ఎమ్మెల్యేల దాకా ఎందుకు, ఎంపీపీ ఎన్నిక వస్తే ఎంపీటీసీలను క్యాంపుకి తీసుకుపోవడం మన మండలాల్లో ఎవరూ వింతగా చూడరు.

ఇలాంటి సినిమాల్లో వచ్చే కాన్వాయ్ పేలుడు సీన్ గురించి కూడా ఒక్క మాట. నేను ఇలాంటి సినిమా ఒకటి తిరుపతిలో ఆదివారం ఫస్ట్ షో చూశాను. ఆ సీన్‌కి ముందు వరస కుర్రాళ్లు "ఇంత సెక్యూరిటీ ఉంటే ఎలా పెడతార్రా" అని నవ్వారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, నాలాంటి వయసే, ఏమీ మాట్లాడలేదు. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద మందుపాతరలు పేల్చారు, బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకెళ్తుండగా. ఆ సాయంత్రం ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ సీన్ నవ్వులాట కాదు. కాబట్టి ఎవరైనా "నమ్మేలా లేదు" అంటే, ఆ మాట అన్న మనిషి ఏ వయసువాడు, ఏ ఊరివాడు అని కూడా చూడండి.

ఇక పెన్‌డ్రైవ్. థియేటర్ దద్దరిల్లిందన్నారు. ఇక్కడే సినిమా పూర్తిగా తప్పింది. టీవీలో వేసినంత మాత్రాన ఒక రికార్డింగు కోర్టులో సాక్ష్యం అయిపోదు. అసలు పరికరాన్నే కోర్టుకు తేవాలి, కాపీ తెస్తే దాన్ని ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ దానితోపాటు ఉండాలి. పాత ఎవిడెన్స్ యాక్టులో 65బి, కొత్త సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్. కాపీకి ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020 జులైలో మరోసారి స్పష్టం చేసింది, కొత్త చట్టంలో ఫైలు హాష్ విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా అందులో రాయాలి, నిపుణుడు కూడా సంతకం పెట్టాలి. తర్వాత గొంతు ఆ మంత్రిదే అని తేలాలి. గొంతు నమూనా ఇవ్వమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ నమూనా ల్యాబుకి వెళ్లాలి, రిపోర్టు రావాలి. సినిమాలో ఎస్పీ ఒరిజినల్ ఫోన్‌ను బ్రిడ్జి మీంచి విసిరేసి పెన్‌డ్రైవ్ మాత్రం జేబులో వేసుకుంటాడని మీరు రాశారు. ఆ సీన్ రాసినవాళ్లు ఒక్క లాయర్ని అడిగి ఉంటే బాగుండేది, ఎందుకంటే అక్కడితో కేసు దాదాపు చచ్చిపోయింది.

ఇది సినిమా కబురు మాత్రమే కాదు. నా క్లయింటు ఒకతన్ని పొలం విషయంలో ఫోన్ చేసి బెదిరించారు, అతను రికార్డు చేశాడు. వాట్సాప్‌లో అన్నకి, బావమరిదికి పంపించాడు, రెండు నెలలకి ఆ ఫోన్ ఎక్స్ఛేంజిలో ఇచ్చి కొత్తది కొనుక్కున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి బావమరిది ఫోన్లో ఉన్న కాపీ తప్ప ఏమీ మిగల్లేదు, ఎంత పోరాడినా దాన్ని నిలబెట్టలేకపోయాం. మీలో ఎవరికైనా అలాంటి పరిస్థితి వస్తే రికార్డు చేసిన ఫోన్‌ని అమ్మకండి, రీసెట్ చేయకండి, స్విచ్చాఫ్ చేసి బీరువాలో పెట్టండి.

ఎస్పీ ఒక్కడే తిరిగి దర్యాప్తు చేయడం కూడా కథే. మన దగ్గర మర్డర్ కేసు దర్యాప్తు అధికారి మామూలుగా సీఐ, ఎస్పీ పర్యవేక్షిస్తాడు. అరెస్టయిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే మర్డర్ కేసులో అయినా నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. ఈ 90 రోజుల టెన్షన్, అంటే ల్యాబు రిపోర్టు రాలేదు, డాక్టరు సెలవులో ఉన్నాడు, 85వ రోజు రాత్రి స్టేషన్ రైటర్ చార్జిషీటు టైపు చేస్తున్నాడు, ఇదంతా నాకు ఏ ఛేజింగ్ కంటే ఎక్కువ థ్రిల్లర్. ఎవరూ సరిగ్గా తీయడం లేదు.

ఒక్క రాత్రిలో తేలిపోవడం గురించి చిత్తూరువాడిగా చెప్తున్నాను. 2015 నవంబరు 17న మా కార్పొరేషన్ ఆఫీసులోనే, పట్టపగలు, మేయర్ కటారి అనురాధ గారిని, ఆమె భర్త మోహన్ గారిని హత్య చేశారు. ఆఫీసులోకి వచ్చి చంపడం సినిమాలో చూపిస్తే "ఇది జరిగే పనేనా" అనేవాళ్లు చాలామంది ఉంటారు, మా ఊళ్లో మాత్రం ఒక్కరూ అనరు. ఆ కేసులో కింది కోర్టు తీర్పు 2025లో వచ్చింది. పదేళ్లు. ఊరంతటికీ తెలిసిన కేసు, పత్రికలన్నీ రాసిన కేసు, దానికే అంత కాలం పట్టింది.

ఇంకో అభిప్రాయం కూడా రాశారు, "సెకండాఫ్ స్లో" అని. వాయిదాలు, ఫైళ్లు, కోర్టు వరండాలో ఎదురుచూపులు ఉన్న ఆ ఇరవై నిమిషాలే కదా. రెండున్నర గంటల్లో పదేళ్ల కథ చెప్పాలంటే కొంత కుదించక తప్పదు, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ ఇరవై నిమిషాలు బోరు కొట్టాయి కాబట్టి సినిమా బాగాలేదంటే నేను ఒప్పుకోను. హతుడి భార్య ప్రతి వాయిదాకీ అదే చీర కట్టుకుని వచ్చి అదే బెంచీ మీద కూర్చుంటుందని రాశారు చూడండి, అది నేను ఈ 26 ఏళ్లలో ఎందరిలో చూశానో లెక్కలేదు. కోర్టుకి వచ్చేందుకని ఒక మంచి చీర పక్కన పెట్టుకుంటారు.

కాబట్టి మీ నలుగురిలో "మన దగ్గర జరిగేదే" అన్న ఇద్దరికే నా ఓటు, క్లైమాక్స్ మినహా. "లాజిక్ లేదు" అన్న ఇద్దరికీ వీలుంటే ఒక పని చెప్పండి. సెషన్స్ ట్రయల్ మామూలుగా బహిరంగంగానే జరుగుతుంది, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, పర్మిషన్ అక్కర్లేదు. చిత్తూరు జిల్లా కోర్టుకి గానీ, తిరుపతి కోర్టులకి గానీ ఒక పనిరోజు పదిన్నరకల్లా రమ్మనండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, వెనక బెంచీలో కూర్చుని, మర్డర్ కేసులో సాక్షుల విచారణ ఏ హాల్లో ఉందో బెంచి క్లర్కుని మెల్లగా అడిగితే చెప్తారు. మధ్యాహ్నం దాకా ఉండి, సాక్షి బోనెక్కేటప్పుడు ఎవరి వైపు చూస్తాడో గమనించమనండి.